కష్టమెవరి సొత్తు?

కొంతకాలం కిందట ఒక సాహిత్య గోష్ఠిలో కవిత్వంలో అస్పష్టత గురించి మాట్లాడుతూ నేనొక మాట విసిరాను. పాఠకుడికి అందకుండా కవిత్వం రాయడమంటే, ఎవరూ గెలవలేని ఆటను తయారుచేసి అమ్మడం లాంటిదే అన్నాను. సభలో నవ్వులు వినిపించాయి. ఆ నవ్వులకు నేను సంతోషించాను కూడా. ప్రసంగం ముగిశాక వెనక వరసలోంచి ఒక విద్యార్థిని లేచి, "మాస్టారూ, అటువంటి ఆట మీరెప్పుడైనా ఆడారా?" అని అడిగింది. ఆడలేదన్నాను. "అటువంటి ఆటలు నిజంగానే ఉన్నాయండీ. లక్షల మంది కొనుక్కుని ఆడుతున్నారు. ఎందుకు ఆడుతున్నారో మీరే చెప్పాలి" అంది.

తనకు తెలియని వస్తువును ఉపమానంగా వాడటం విమర్శకుడు చెయ్యకూడని పని. ఆ తప్పు దిద్దుకోవడం కోసం మా అన్నయ్య కొడుకు ఇంట్లో, వాడి యంత్రం మీద, 'డార్క్ సోల్స్' అనే వీడియో గేమ్ మొదలుపెట్టాను. ఐదు నెలలు పట్టింది. ఆట పూర్తి చేశానని చెప్పుకోవడానికి ఈ వ్యాసం రాయడం లేదు. ఆటల్లో కష్టం అనేదానికి ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్ర వెనక డబ్బు లెక్కలున్నాయి. ఆ రెండూ ఎరగకుండా కష్టాన్ని మెచ్చుకున్నా గాలిమాటే, తిట్టినా గాలిమాటే. గోష్ఠిలో నేను మాట్లాడింది అటువంటిదే.

ముందు ఆ కష్టమేమిటో చెప్పాలి. 'డార్క్ సోల్స్' 2011 సెప్టెంబరులో జపాన్‌లో వెలువడింది. తయారుచేసింది టోక్యోలోని ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థ. దర్శకుడు హిదెతాక మియజాకీ. కథాస్థలం లోర్డ్రాన్ అనే శిథిల రాజ్యం. ఆటగాడు ధరించే పాత్ర శాపగ్రస్తుడు, చచ్చినా చావు పట్టనివాడు. తెర తీసేసరికి చెరసాలలో ఉంటాడు. చేతిలో విరిగిన కత్తిపిడి తప్ప మరేమీ లేదు. కాస్త దూరం వెళ్లేసరికి కొండంత రాక్షసుడొకడు మీదికి దూకుతాడు. నేను సహజంగానే తిరగబడ్డాను, చచ్చాను. మళ్లీ తిరగబడ్డాను, మళ్లీ చచ్చాను. మూడోసారి మావాడు ఉండబట్టలేక, "బాబాయ్, ఆ పక్కన తలుపుంది చూడండి. ఇప్పుడు పారిపోవాలి" అన్నాడు. వీరగాథలు చదివి పెరిగినవాణ్ణి. ఒక యుద్ధక్రీడ నేర్పే మొదటి పాఠం పారిపోవడమని నేననుకోలేదు.

ఇక నియమాలు. దారి పొడుగునా అక్కడక్కడ నెగళ్లుంటాయి. నెగడు దగ్గర కూర్చుంటే గాయాలు మానుతాయి. కాని అంతవరకూ నువ్వు చంపిన శత్రువులందరూ తిరిగి లేస్తారు. శత్రువుల్ని చంపితే వచ్చేది 'ఆత్మలు'. చచ్చిపోతే సంపాదించిన ఆత్మలన్నీ పడ్డచోటే ఉండిపోతాయి. నువ్వు నెగడు దగ్గర లేచి, అదే దారిన మళ్లీ పోరాడుకుంటూ వెళ్లి వాటిని తెచ్చుకోవాలి. ఆ దారిలో ఇంకోసారి చచ్చావా, అవి శాశ్వతంగా పోయినట్టే. ఆటను మధ్యలో నిలిపే వీలు లేదు. వీధి తలుపు ఎవరైనా తడితే చావాల్సిందే. దారి చూపే పటం లేదు. చెరసాల దాటాక వచ్చే మొదటి నెగడు పక్కనే ఒక శ్మశానముంది. నేను అటు వెళ్లాను. రెండు సాయంత్రాలు అస్థిపంజరాల చేతుల్లో చచ్చాక, అసలు దారి ఎదుటి కొండ మెట్ల మీదుగా ఉందని మూడోనాడు కనిపెట్టాను. తప్పుదారి పట్టావని ఆట నన్ను హెచ్చరించలేదా? హెచ్చరించింది. ఆ అస్థిపంజరాలే హెచ్చరిక.

అలా చచ్చిన సాయంత్రాల్లోనే నాకొక అనుమానం పుట్టింది. మనిషిని ఇన్నిసార్లు ఓడించడం వల్ల ఎవరికి లాభం? ఈ ప్రశ్నకు జవాబు కోసం వెనక్కి, నాణేల కాలానికి వెళ్లాలి.

1978లో జపాన్‌లో టైటో సంస్థ 'స్పేస్ ఇన్వేడర్స్' అనే ఆటను విడుదల చేసింది. సృష్టికర్త తొమొహిరో నిషికాదో. పైనుంచి వరసలు కట్టి దిగివచ్చే శత్రువుల్ని కింద నుంచి కాల్చాలి. శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్ల వేగం పెరుగుతుంది, గుండె దడదడలాడుతుంది. ఇది ఎవరో ఆలోచించి పెట్టిన నియమం కాదు. తెర మీద గీయవలసిన బొమ్మలు తగ్గేసరికి ఆనాటి బలహీనమైన యంత్రానికి భారం తగ్గి, మిగిలిన బొమ్మల్ని త్వరగా కదిలించింది. నిషికాదో దాన్ని అలాగే ఉండనిచ్చాడు. యంత్రపు లోటు ఆట నియమమైంది.

ఆ ఆట దుకాణాల్లో నాణెం వేసి ఆడేది. నాణెం పడ్డాక ఆటగాడు ఎంత త్వరగా ఓడితే అంత త్వరగా ఇంకో నాణెం పడుతుంది. మరీ త్వరగా ఓడితే మళ్లీ రాడు. ఈ రెంటి మధ్య దూరాన్ని కొలిచి, దానికి తగినట్టు కష్టాన్ని తూచి పెట్టడం అక్కడ ఆట నిర్మాణమంటే. చాలా యంత్రాల్లో చిన్న మీటలుండేవి. ఒక నాణేనికి ఎన్ని ప్రాణాలివ్వాలో దుకాణదారుడు పెట్టె తెరిచి తానే నిర్ణయించుకోవచ్చు. ప్రాణాల ధర మార్చే అధికారం యజమాని చేతిలో ఉండటమనేది కవిత్వంలో రాస్తే అతిశయోక్తి అంటాం. ఇక్కడది ఇనప పెట్టెలోని మీట. కష్టం అప్పుడు అద్దె వసూలు చేసే గుమాస్తా.

అదే కాలంలో కష్టానికి ఇంకో పాయ కూడా ఉంది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నిసన్ 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటను ప్రచురించారు. బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, తలా ఒక పాత్ర ధరించి కథ నడిపించే ఆట అది. దాని ప్రభావంతో 1980 ప్రాంతంలో విశ్వవిద్యాలయ కంప్యూటర్ల మీద విద్యార్థులు 'రోగ్' అనే నేలమాళిగ ఆటను తయారుచేశారు. అందులో పాత్ర చచ్చిపోతే దాచుకున్న ఆట కూడా చెరిగిపోతుంది. ఇక్కడ నాణెం లేదు, దుకాణదారుడు లేడు. వేసే ప్రతి అడుగుకూ బరువుండాలని మాత్రమే ఆ కష్టం. 1981లో ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ చేసిన 'విజర్డ్రీ'లో నీ బృందమంతా నేలమాళిగలో కూలిపోతే శవాలక్కడే ఉండిపోతాయి. కొత్త బృందాన్ని కూడగట్టుకుని వెళ్లి వాటిని తెచ్చుకోవాలి. 'విజర్డ్రీ'ని జపాన్ ఆటగాళ్లు అక్కున చేర్చుకున్నారు. పడ్డచోటికి తిరిగి వెళ్లి పోయినదాన్ని తెచ్చుకోవడమనే 'డార్క్ సోల్స్' సూత్రానికి పూర్వరూపం నాకు ఇందులో కనిపిస్తుంది.

ఇళ్లలోకి యంత్రాలొచ్చాక నాణెంతో పనిలేదు, ఆట మొత్తం ఒకేసారి అమ్మేస్తారు. అయినా పాత కాఠిన్యం కొన్నేళ్లు అలవాటుగా సాగింది. తరవాత పెట్టుబడులు పెరిగాయి. కోట్లు పెట్టి తీసిన ఆటలో కొన్నవాడు సగంలో విసిగి వదిలేస్తే నష్టం. కనక బాణం గుర్తులు వచ్చాయి, అడుగడుగునా సలహాలొచ్చాయి. మొదట నాణెం కోసం కష్టం, తరవాత మార్కెట్ కోసం సౌకర్యం. నాకు రెండింటిలోనూ ఒకే చెయ్యి కనిపిస్తుంది.

ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ 1986లో కార్యాలయాల పనికి కావలసిన సాఫ్ట్‌వేర్ తయారుచేసే సంస్థగా పుట్టింది. 1994లో 'కింగ్స్ ఫీల్డ్' అనే నేలమాళిగ ఆటతో దారి మార్చింది. చీకటి, నిదానం, కాఠిన్యం దాని లక్షణాలు. మియజాకీ ఆ సంస్థలో చేరింది 2004లో, 29 ఏళ్ల వయసులో. అంతకుముందు ఒరకిల్ కంపెనీలో ఉద్యోగం. 'ఇకో' అనే ఆట చూసి మనసు మారి, అనుభవం లేని ఆ వయసులో తక్కువ జీతానికి వచ్చి చేరాడు. షిజువోకాలో పేదకుటుంబంలో పుట్టినవాడు. ఇంట్లో పుస్తకాలు కొనే స్తోమత లేదు. గ్రంథాలయం నుంచి తన వయసుకు మించిన పుస్తకాలు తెచ్చుకునేవాడు. అర్థంకాని చోట్లను బొమ్మల సాయంతో, తన ఊహతో పూరించుకునేవాడు. ఈ సంగతి అతనే 2015లో ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు.

ఇది చదివినప్పుడు గోష్ఠిలో నేనన్న మాట నన్ను గుచ్చింది. అర్థంకాని పుస్తకం బీదపిల్లవాడి మీద అన్యాయమని మనం చాలా సభల్లో అన్నాం. ఆ పిల్లవాడు మాత్రం అర్థమైనంత తీసుకుని, కానిదాన్ని తాను కట్టుకున్నాడు. అలాగని చదువు అందని పరిస్థితిని నేను సమర్థించడం లేదు. పాఠకుడి శక్తిని మన సానుభూతితో తక్కువ కట్టామేమో అంటున్నాను.

ఆ చిన్ననాటి చదువే అతని కథన పద్ధతి అయింది. 'డార్క్ సోల్స్'లో కథ వరసగా చెప్పేవాళ్లు లేరు. ఒక కత్తి మీద రెండు వాక్యాలు, ఒక గోడ మీద బొమ్మ, ఖాళీగా ఉన్న ఒక పీఠం. రాజ్యాన్ని స్థాపించిన గ్విన్‌కు ఒక పెద్దకొడుకుండేవాడు. యుద్ధదేవత. ఏదో తప్పిదానికి అతని దేవత్వాన్ని లాగేసి, చరిత్రలోంచే తుడిచేశారని ఒక ఉంగరం వర్ణన చెబుతుంది. విరిగిన విగ్రహమొకటి మరోచోట ఉంది. ఈ రెంటినీ కలుపుకోవలసింది ఆటగాడు. శాసనాలతో పనిచేసేవాళ్లకిది పరిచయమున్న పనే. రాజు రాయించింది చదవడం ఒకెత్తు, రాజు చెక్కించి తీసేసింది చదవడం ఇంకో ఎత్తు.

'డార్క్ సోల్స్'కు ముందు 'డీమన్స్ సోల్స్' ఉంది. సోనీ సంస్థ డబ్బుతో మొదలై, పని ఎటూ తేలక, సంస్థ లోపల విఫలమైనదిగా లెక్కకట్టిన ప్రాజెక్టు అది. మియజాకీ దాన్ని అడిగి తీసుకున్నాడు. ఎలాగూ పోయినదే కనక తన ఊహలు విఫలమైనా ఎవరూ పట్టించుకోరన్నది అతని లెక్క. 2009 ఫిబ్రవరిలో జపాన్‌లో విడుదలైనప్పుడు మొదటి వారం అమ్మకాలు ఇరవైవేల పైచిలుకు మాత్రమే. అప్పటి సోనీ అధికారి షుహేయి యోషిదా సుమారు రెండు గంటలు ఆడి, మొదటి అంచె కూడా దాటలేక, ఇది పనికిరాని ఆట అని తేల్చేశాడు. ఆ సంగతి తరవాత అతనే నిజాయితీగా చెప్పుకున్నాడు. సోనీ ఆ ఆటను ఆసియా బయట ప్రచురించలేదు. అమెరికాలో అట్లస్ అనే చిన్న సంస్థ 2009 అక్టోబరులో తెచ్చింది. ఆటగాళ్లు ఒకరికొకరు చెప్పుకుని దాన్ని నిలబెట్టారు. తరవాతి కథ వినండి. 2020 నవంబరులో సోనీ తన కొత్త యంత్రాన్ని విడుదల చేసిన రోజునే, దానితోపాటు అమ్మిన ఆటల్లో 'డీమన్స్ సోల్స్' పునర్నిర్మాణం ఒకటి. 2022లో ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్‌లో 14.09 శాతం వాటా సోనీ కొన్నది, 16.25 శాతం చైనాకు చెందిన టెన్సెంట్ కొన్నది. కాదన్న పెట్టుబడే కట్నం పట్టుకుని వచ్చింది.

ఈ ఆటల్లో ద్రవ్యం గురించి కొంచెం చెప్పాలి. ఆత్మలే అనుభవం, ఆత్మలే డబ్బు. కమ్మరి దగ్గర కత్తి సానబెట్టించుకోవాలన్నా, నీ బలం పెంచుకోవాలన్నా చెల్లించేది ఎవరో ఒకరి ఆత్మ. మనిషిలో చచ్చాక మిగిలేదంతా మారకపు విలువే. కూడబెట్టేకొద్దీ భయం పెరుగుతుంది. చేతిలో ఏమీ లేనప్పుడు నేను ధైర్యంగా ఆడాను. ఇరవైవేల ఆత్మలు మూటగట్టుకున్న రోజున ప్రతి మూలా తొంగిచూస్తూ పిరికివాడిలా నడిచి, ఆ పిరికితనం వల్లనే వంతెన మీదనుంచి జారిపడ్డాను.

ఇక కథాసారం. అగ్నియుగం ఆరిపోతుంది. యుగం ముగియడాన్ని ఒప్పుకోలేని గ్విన్ తన్నుతాను ఇంధనంగా వేసుకుని మంటను పొడిగించాడు. ఆ మంట మళ్లీ కొడిగట్టింది. ఇప్పుడు నీవంతు. నువ్వు దేవతల కోటకెక్కి, పరీక్షలు నెగ్గి, ఎన్నికైన వీరుడివని పొగడ్తలు పొంది, చివరికి చెయ్యవలసింది ఆ పాత యుగానికి ఇంకో కట్టెవు కావడం. ఒక సర్పం వచ్చి ఇది నీ ధర్మమంటుంది. ఇంకో సర్పం కనక ఎదురైతే, కాదు, చీకటియుగం మానవులదే, నువ్వే ప్రభువువి కమ్మంటుంది. ఇద్దరికీ వారి వారి ప్రయోజనాలున్నాయి. చావడానికి నిరాకరించే వ్యవస్థ గురించి ఇంత సూటి రూపకాన్ని నేనీమధ్య నవలల్లో చూడలేదు. మియజాకీకి మన జెండా పట్టించే ప్రయత్నం కాదిది. అతనికి మూలాలు వేరు. 1989లో కెంతారో మియురా ప్రారంభించిన 'బెర్సెర్క్' బొమ్మలకథ ఉంది, 1980లలో వచ్చిన ఇంగ్లీషు గేమ్‌బుక్కులున్నాయి. ఐతే రచన రచయిత ఉద్దేశాన్ని దాటి మాట్లాడుతుందని మనమే కదా పాఠాలు చెబుతాం. నేను మంట రాజెయ్యకుండా బయటికి నడిచాను.

అంతవరకూ వెళ్లింది నేనొక్కణ్ణే కాదు. ఇక్కడే నా అభిప్రాయం పూర్తిగా తిరగబడింది.

మియజాకీ ఒకసారి మంచు కురిసిన కొండదారిలో కారులో వెళుతున్నాడు. ముందు కారు జారి ఆగిపోయింది. వెనక కార్లూ జారడం మొదలుపెట్టాయి. అప్పుడు వెనకవాళ్లు ముందువాళ్లను నెట్టుకుంటూ ఒక్కొక్కరే గట్టెక్కారు. ఆగి కృతజ్ఞత చెబుదామంటే తన కారు మళ్లీ జారిపోతుంది. తనను నెట్టినవాళ్లెవరో, చివరి కారు పైకి చేరిందో లేదో తెలియకుండానే అతను వెళ్లిపోయాడు. ఇతరులతో కలిసి ఆడే పద్ధతి ఆ అనుభవం నుంచి వచ్చిందని అతనే చెప్పాడు.

ఆ పద్ధతి ఇది. నువ్వు ఒంటరిగానే నడుస్తావు. కాని నేల మీద ఇతర ఆటగాళ్లు రాసి వదిలిన వాక్యాలు మెరుస్తుంటాయి. సొంత మాటలు రాయడానికి లేదు, ఇచ్చిన పదాల్లోంచి ఏరి కూర్చాలి. 'ముందు మూల జాగ్రత్త' వంటివి. కొందరు కొంటెవాళ్లు కొండ అంచున 'కింద నిధి ఉంది' అని కూడా రాస్తారు. నమ్మి దూకిన అనుభవం నాకుంది. నేల మీద నెత్తుటి మరకలుంటాయి. తాకితే, అక్కడ చచ్చిన అపరిచితుడి ఆఖరి క్షణాలు నీడలా కనిపిస్తాయి. 'డీమన్స్ సోల్స్'లో నీ వాక్యం బాగుందని ఎవరైనా మెచ్చుకుంటే, ఆ క్షణాన నువ్వెక్కడున్నా నీ గాయాలు మానుతాయి. రచయితకు పాఠకుడి నుంచి ఇంత నేరుగా అందే పారితోషికం మన పత్రికల్లో ఎన్నడూ లేదు.

దేవతల కోటలో ఆర్న్‌స్టీన్, స్మౌ అని ఇద్దరుంటారు. ఒకడు బల్లెంతో మెరుపులా వస్తాడు, ఇంకొకడు గుండ్రాయి లాంటి సుత్తితో. ఒకణ్ణి చూస్తుంటే ఇంకొకడు కొడతాడు. మూడు వారాలు నావల్ల కాలేదు. నా వేళ్లు యువకుల వేళ్లు కావు. చివరికి నేల మీద తెల్లగా మెరుస్తున్న ఒక గుర్తును తాకి సాయం పిలిచాను. ఎవరో వచ్చారు. ఏ దేశమో తెలియదు, మాట్లాడుకునే వీలు లేదు. వంగి నమస్కరించారు. ఆ లావుపాటివాణ్ణి నా మీదికి రాకుండా తనవైపు తిప్పుకుని, నేను రెండోవాడితో తేల్చుకునేదాకా ఓపిక పట్టారు. గెలవగానే మాయమైపోయారు. నేను తిరిగి నమస్కరించేలోపే.

అంటే ఈ కష్టం ఒక్కడు దాటడానికి కట్టింది కాదు. కాని అమ్మేవాళ్లు దాన్నలా అమ్మలేదు. 2012లో కంప్యూటర్‌కు వచ్చిన కూర్పుకు 'ప్రిపేర్ టు డై', చావడానికి సిద్ధపడు అని పేరు పెట్టారు. కష్టమే సరుకైంది. దాని వెంట ఒక అగ్రహారం కూడా తయారైంది. ఓడినవాడు సందేహమడిగితే 'నేర్చుకుని రా' అని ఈసడించేవాళ్లు, సాయం పిలిచి గెలిచినదాన్ని గెలుపుగా లెక్కించనివాళ్లు. ఈ ధోరణి మనకు కొత్తది కాదు. ఛందస్సు రానివాడు కవి కాడన్న పెద్దల్నీ, కొత్త కవిత్వం అందనివాడు పాఠకుడే కాడన్న పిన్నల్నీ మనం చూశాం. నిజానికి ఆ ఆటల్ని సృష్టించినవాడే తాను నేర్పరి ఆటగాణ్ణి కాననీ, తరచూ చస్తుంటాననీ చెప్పుకున్నాడు.

2019లో అదే సంస్థ 'సెకిరో' విడుదల చేసినప్పుడు, తేలిక స్థాయి కూడా ఉండాలా వద్దా అని పెద్ద చర్చ నడిచింది. చేతులు సరిగా ఆడనివాళ్లు, చూపు తక్కువైనవాళ్లు తమకూ దారి కావాలన్నారు. కష్టాన్ని తగ్గిస్తే కృతి చెడిపోతుందని కొందరన్నారు. ఈ రెండో మాటలో కొంత నిజముంది. నా మూడు వారాలను తీసేస్తే ఆ అపరిచితుడి నమస్కారానికి విలువ ఉండేది కాదు. కాని ఎవరి మూడు వారాలు? మీట నొక్కడమే యుద్ధమైనవాడికి ఆర్న్‌స్టీన్ దాకా వెళ్లే అవకాశమే రాదు. అంతకు ముందరి ఏడాదే వచ్చిన 'సెలెస్ట్' అనే కఠినమైన చిన్న ఆట, కష్టాన్ని ఉన్నది ఉన్నట్టుంచి, కావలసినవాళ్లు తమకు తగ్గట్టు వేగం తగ్గించుకునే ఏర్పాటు చేసింది. దానివల్ల ఆ ఆటకు ఏ హానీ జరగలేదు. ఈ విషయంలో మియజాకీతో నేను ఏకీభవించను.

గోష్ఠిలో అన్న మాటను మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. అస్పష్ట కవిత్వాన్ని తప్పుపట్టే హక్కు నాకిప్పటికీ ఉంది. నేను అడగవలసింది అది కష్టమా కాదా అని కాదు. ఓడిన పాఠకుడు తిరిగి వెళ్లినప్పుడు అతనికి అక్కడేమైనా దొరుకుతుందా, పక్క పాఠకుడు రాసిపెట్టిన గుర్తుకు అక్కడ చోటుందా అని. ఇలా అడిగి చూస్తే నేను తిట్టిన కవుల్లో ఇద్దరు ముగ్గురు నెగ్గుతారు. నేను మెచ్చిన సులభకవులు కొందరు నెగ్గరు.

2022 ఫిబ్రవరి 25న వచ్చిన 'ఎల్డెన్ రింగ్' నెల తిరగకుండానే కోటీ ఇరవై లక్షల ప్రతులు దాటింది. 2024 జూన్ నాటికి రెండున్నర కోట్లు. ఇరవైవేలతో మొదలైన కథ. పాత ఆటల సంగతి వేరు. నేల మీది వాక్యాలు, మరకలు, తెల్లగుర్తులు అన్నీ ఉండేది కంపెనీల సర్వర్లలో. 2018 ఫిబ్రవరి 28న మొదటి 'డీమన్స్ సోల్స్' సర్వర్లు మూసేశారు. 'ప్రిపేర్ టు డై' కూర్పు సర్వర్లను 2022 జనవరిలో భద్రతా లోపం కారణంగా ఆపారు, తరవాత తిరిగి తెరవలేదు. నేను ఆడింది 2018లో వచ్చిన సవరించిన కూర్పు కనక నాకా అపరిచితుడు దొరికాడు. పాత కూర్పు మావాడి దగ్గర ఉంది. ఒకరోజు పెట్టించుకుని చూశాను. రాక్షసులున్నారు, నెగళ్లున్నాయి, శ్మశానంలో అస్థిపంజరాలున్నాయి. నేల మీద మాత్రం ఎవరి రాతా లేదు.